మూడు నెలల విశ్రాంతి

"నువ్వు ఇవాళ రావని కోర్టుకి ఫోన్ చేసి చెప్పేశాను."

ల్వాండిసో ఆ మాట పొయ్యి వైపు తిరిగే అన్నాడు. గిన్నెలో మొక్కజొన్న సంకటి కలుపుతున్నాడు. భార్య మొహం చూసి చెప్పే ధైర్యం చాల్లేదు.

నొజూకో వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. నల్ల కోటు వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని, బూట్లు కూడా తొడుక్కుని వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె పని గురించి ఆమె తరఫున అతను ఒక్క మాట ఎవరికీ చెప్పి ఎరగడు.

"ఎవరితో చెప్పావు?"

"ఆఫీసులో ఎవరో ఎత్తారు. ఒంట్లో బాగోలేదన్నాను."

"నా ఒంట్లో ఏమైందట?"

అతను గరిటె తిప్పుతూనే ఉన్నాడు.

"పది గంటలకి నోవెలి కేసు ఉంది. ఆవిడ పిల్లలు తెల్లవారుజామునే బస్సెక్కి ఉంటారు. చచ్చిపోయిన తల్లిని ఐసులో పెట్టుకుని ఎన్నాళ్ళు తిరుగుతారు వాళ్ళు? తండ్రి సమాధి పక్కన తల్లిని పూడ్చుకోనివ్వడానికి పొలం ఆసామికి మనసు రాలేదు. ఆ స్టెయిన్ పొలంలో ఆవిడ బతుకంతా చాకిరీ చేసింది. సాక్షులందర్నీ నేనే విన్నాను. స్టెయిన్ లాయరు వాదన సగం మిగిలింది, అంతే. ఇవన్నీ తెలిసే ఫోన్ చేశావా?"

"ఆ వాదన సగంలో ఎందుకు ఆగిందో కూడా తెలిసే చేశాను, మాంటోలో."

మాంటోలో ఆమె పుట్టింటి వంశం పేరు. ముద్దొచ్చినప్పుడో, బతిమాలుకునేటప్పుడో మాత్రమే అలా పిలుస్తాడు. ఇది ముద్దు కాదని ఆమెకి తెలుసు.

శుక్రవారం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? స్టెయిన్ లాయరు నిలబడి మాట్లాడుతున్నాడు. ఉన్నట్టుండి అతని పెదాలు కదులుతున్నాయి గానీ మాటలకి అర్థం పోయింది. ఈ మనిషెవరు, ఇది ఏ కేసు, తన ఒంటి మీద ఈ గౌను ఎందుకుంది, అన్నీ చెరిపేసినట్టు పోయాయి. ఎంతసేపో తెలియదు. తేరుకునేసరికి కలం కింద పడి ఉంది, కోర్టంతా తన వైపే చూస్తోంది. సోమవారానికి వాయిదా అని లేచి వచ్చేసింది. ఎవరూ గమనించలేదనే అనుకుంది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెబితే ఏం?"

"నేనడిగిన దానికి అది జవాబు కాదు."

"ఇది కోర్టు కాదు నొజూకో."

"కాదు కాబట్టే ఇంత మర్యాదగా అడుగుతున్నాను."

వెనక గదిలోంచి వుయెల్వా వచ్చింది. ల్వాండిసోకి అక్క. శనివారం సాయంత్రం చెప్పాపెట్టకుండా ఊరి బస్సు దిగింది, చేతిలో మొలకల పిండి సంచితో. జొన్న కల్లు కాచడానికట. అప్పుడు నొజూకో పెద్దగా ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించింది.

"మీరు శనివారం ఊరికే రాలేదన్నమాట వదినా."

"ఊరికే తిరగడానికి నా మోకాళ్ళు అరువు తెచ్చుకున్నవి కావమ్మా. తమ్ముడు రమ్మన్నాడు, వచ్చాను. మా అమ్మ పోయినప్పట్నుంచీ ఈ ఇంట్లో పెద్దలకి కల్లు పెట్టారా? ఒక్క మేకనైనా కోశారా? వాళ్ళు మాత్రం ఎంతకాలం ఊరుకుంటారు?"

"నాకు నిద్ర పట్టట్లేదు. దానికి మేక ఏం చేస్తుంది వదినా?"

"నిద్ర పట్టట్లేదని ఒప్పుకున్నావుగా. అది చాలు నాకు."

ల్వాండిసో అప్పుడు తిరిగి చూశాడు. నొజూకో నాలుక కరుచుకుంది. ఎందరో సాక్షులు నోరు జారడం విన్న మనిషి తన వంటింట్లో తనే జారింది.

నిద్ర మాట ఈ ఇంట్లో ఎత్తకూడదని ఆమె పెట్టుకున్న నియమం. ఆమెని జడ్జిగా వేసినప్పుడు ఒక పత్రిక, నల్లావిడని రంగు చూసి ఇచ్చిన కుర్చీ అని రాసింది. ఆ రోజు నుంచి ఆమె కోర్టుకి ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్ళలేదు. కన్నతల్లిని మట్టిలో పెట్టి, చెప్పులకి ఆ మట్టి ఉండగానే బెంచి ఎక్కింది. రంగు చూసి ఇచ్చిన కుర్చీలో కూర్చున్న వాళ్ళకి తలనొప్పి కూడా రాకూడదు.

గేటు గంట మోగింది.

బల్ల మీద పళ్ళెంలో సాసర్లతో సహా మంచి కప్పులు అప్పటికే పేర్చి ఉండడం నొజూకో అప్పుడే చూసింది. ఆ కప్పులు పెళ్ళిళ్ళకీ, పాస్టరు వచ్చినప్పుడూ తప్ప బీరువా దిగవు.

"ఎవరొస్తున్నారు?" అని అడిగింది.

అతను పొయ్యి కట్టేశాడు.

*

తలుపు తీసింది కూతురు చూమా. లా రెండో ఏడు, సెలవులకి వచ్చింది. వెనకే టెర్‌బ్లాంచ్ వచ్చాడు, భార్య చేసిన మిల్క్ టార్ట్ అనే పాల మిఠాయి రెండు చేతుల్తో పట్టుకుని.

కోర్టులో ప్రధాన న్యాయమూర్తి సిజానీ తర్వాత ఆయనే పెద్ద. పొడుగ్గా ఉంటాడు, కాస్త వంగి నడుస్తాడు. పన్నెండేళ్ళుగా ఆయన గదికీ నొజూకో గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఇన్నేళ్ళలో ఆయన ఈ ఇంటి గడప తొక్కింది లేదు.

పొలాల్లో పెరిగిన తెల్లవాడు. వాళ్ళ ఇంటి భాష ఖోసా, ఆయన మాట్లాడితే చూమా కంటే స్వచ్ఛంగా మాట్లాడతాడు. వుయెల్వాకి వంగి నమస్కరించి, వాళ్ళ ఊరి వాన సంగతీ, గొడ్ల సంగతీ అడిగాడు. ఆవిడ మొహం విప్పారింది. నొజూకో మొహం ఇంకా బిగుసుకుంది.

"ఎలా ఉన్నారు జడ్జి దియాంతి?"

"నేను రానని మా ఆయన ఫోన్ చేసిన గంటలోనే వచ్చారు. నేనెలా ఉన్నానో నాకంటే మీకే బాగా తెలిసుండాలి."

ఆయన నొచ్చుకున్నట్టు కనిపించలేదు. ఎర్ర టీ కప్పు తీసుకున్నాడు. న్యాయమూర్తుల ఆరోగ్యం చూసుకునే సంఘం వాళ్ళకి సముద్రం ఒడ్డున ఒక ఇల్లుందని చెప్పాడు. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. పొద్దున డాక్టరు వచ్చి కాసేపు కూర్చుని పోతుంది. మిగిలినదంతా నడక, నిద్ర. మూడు నెలలు ఉంటే మనిషి మళ్ళీ మనిషవుతాడు.

"మరి నోవెలి కేసు?"

"వేరేవాళ్ళు చూస్తారు."

"ఎవరు?"

"అది జడ్జి సిజానీ నిర్ణయిస్తారు."

"వేరేవాళ్ళు చూడడమంటే సాక్షులందర్నీ మళ్ళీ మొదట్నుంచీ పిలవడం. ఆ ముసలమ్మ అప్పటిదాకా ఐసులోనే ఉండాలి. వాళ్ళు అలిసిపోయి ఎక్కడో ఒకచోట పూడ్చేసుకుంటారు. స్టెయిన్ గెలవక్కర్లేదు, ఓపిక పట్టి ఆగితే చాలు." ఆమె కప్పు ముట్టుకోలేదు. "స్టెయిన్ మీ చర్చికే వస్తాడు కదూ?"

"ఈ ఊళ్ళో మావాళ్ళకున్నది ఆ ఒక్క చర్చే. మా పళ్ళ డాక్టరు కూడా అక్కడికే వస్తాడు."

"పళ్ళ డాక్టరు కేసు నా దగ్గర లేదు."

చూమా నవ్వు ఆపుకుని కిటికీ వైపు తిరిగింది. గదిలో ఇంకెవరూ నవ్వలేదు.

"శుక్రవారం జరిగింది మా ఆయనకి చెప్పింది మీరేనా?"

"నేనే."

"అయితే మీరే ఆయనకి ఫోన్ చేశారన్నమాట."

టెర్‌బ్లాంచ్ ల్వాండిసో వైపు చూశాడు. ల్వాండిసో నేల వైపు చూశాడు.

"లేదు," అన్నాడు టెర్‌బ్లాంచ్. "శనివారం పొద్దున ఆయనే నాకు చేశారు."

*

నొజూకో మొగుడి వైపు తిరిగింది.

"నాతో ఒక్క మాట అనకుండా," అంది నొజూకో.

"అన్నాను," అన్నాడు ల్వాండిసో. హెడ్మాస్టరుగా పిల్లల మీద అరిచి అరిచి గట్టిపడ్డ గొంతుని తగ్గించి మాట్లాడాడు. "శుక్రవారం సాయంత్రం గేటు ముందు కారు ఆపి అందులోనే కూర్చున్నావు. ఫోన్లో మాట్లాడుతున్నావేమో అనుకున్నాను. కూర చల్లారింది, మళ్ళీ వేడి చేశాను. అప్పటికీ రాలేదు. బయటికొచ్చి కారు అద్దం మీద తట్టాను. నువ్వు అద్దం దించి నా మొహంలోకి చూసి, 'ఎవరు కావాలండీ' అన్నావు."

"అబద్ధం."

"నేను అబద్ధమాడితే నీకు తెలిసిపోతుందని నువ్వే అంటావుగా. చూడు నన్ను."

చూసింది. ఆ మాట తను అన్న గుర్తు ఎంత వెతికినా ఆమెకి దొరకలేదు. కారు గుర్తుంది. గేటు గుర్తుంది. తర్వాత తిన్న కూర గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు.

"సరే. ఫోన్ చెయ్యాలనిపించింది. సిజానీకి చెయ్యొచ్చుగా. మనవాడు, మన భాష, నా పేరు పైకి పంపిందే ఆయన. ఈయన గుర్తొచ్చాడా నీకు?"

"మనవాళ్ళకి చెబితే నీ తరఫున సిగ్గుపడతారు. సిగ్గుపడ్డ మనిషి సాయం చెయ్యడు, దాస్తాడు. ఈయనకి నీ విషయంలో సిగ్గుపడాల్సిన పని లేదు. అందుకని."

"పరాయివాడి ముందా ఇంటి గుట్టు విప్పేది?" అంది వుయెల్వా.

"ఆయనకి మన మాట అర్థమవుతుందక్కా."

"అర్థం కావాలనే అన్నాను."

టెర్‌బ్లాంచ్ తల వంచుకున్నాడు. కోపమో, మన్నింపు అడగడమో తెలియలేదు. ఆ తెలియకపోవడమే నొజూకోకి పడదు. పన్నెండేళ్ళుగా ఆయన మర్యాదగానే ఉన్నాడు. ఆ మర్యాద వెనక ఏముందో ఆమె ఒక్కసారీ పట్టుకోలేకపోయింది.

"ఒకటడుగుతాను," అంది. "డాక్టరు పొద్దునే వస్తుందనీ, వచ్చి కాసేపు కూర్చుంటుందనీ మీకెలా తెలుసు?"

"ఎవరో చెబితే విన్నాను."

"విన్నవాళ్ళు అలా చెప్పరు. ఉన్నవాళ్ళు చెబుతారు."

ఆయన కప్పు సాసర్లో పెట్టాడు.

"ఉన్నాను," అన్నాడు.

"ఎప్పుడు?"

"మీరు కొత్తగా వచ్చిన ఏడు."

నొజూకో ఆ ఏడాదిని మర్చిపోలేదు. చేరిన రెండో వారంలోనే ఆమె బల్ల మీదికి టెర్‌బ్లాంచ్ కేసులు గుట్టగా వచ్చి పడ్డాయి. ఆయన నీటి హక్కుల మీద పెద్ద పుస్తకం రాస్తున్నారనీ, అందుకు సెలవిచ్చారనీ చెప్పారు. కోర్టు కారిడార్లలో ఆ మాట అందరూ గౌరవంగా చెప్పుకునేవారు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఈ బల్ల దగ్గరే కూర్చుని, ఆయన సగంలో వదిలేసిన తీర్పులు ఆమె పూర్తి చేసింది.

"మీ పుస్తకం నేను లైబ్రరీలో రెండుసార్లు అడిగాను," అంది. "ఇంకా రాలేదన్నారు."

"పుస్తకం లేదు."

"సిజానీకి తెలుసా?"

"ఆ మాట పుట్టించింది అప్పటి పెద్ద జడ్జి. సిజానీకి తెలుసు. ఇంకో ఇద్దరికీ."

"ఆ ఏడు నా పుట్టినరోజుకి అమ్మ కేకు కొయ్యడానికి కూడా రాలేదు," అంది చూమా, ఎవరితోనో అన్నట్టు. "మీ కోసమా అది?"

ఎవరూ ఆ పిల్లని మందలించలేదు.

"మీరు పడుకుంటే పుస్తకం," అంది నొజూకో నెమ్మదిగా. "నేను పడుకుంటే దాన్నేమంటారు జడ్జి టెర్‌బ్లాంచ్?"

ఆయన నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే చూమా చేతిలో ఫోన్ గుర్రుమంది. చూసుకుంది. మళ్ళీ చూసుకుంది.

"అమ్మా," అంది. "ఇది రేడియోలో వచ్చిందట. నా ఫ్రెండు పంపింది."

"చదువు."

"నాన్నా, చదవనా?"

"చదవమన్నది నేను."

చూమా చదివింది. సమాధుల కేసు నుంచి జడ్జి దియాంతి తప్పుకున్నారు. పని ఒత్తిడి తట్టుకోలేక మూడు నెలల సెలవు మీద వెళ్తున్నారని కోర్టు వర్గాలు తెలిపాయి. కేసు మళ్ళీ మొదటి నుంచి విచారిస్తారు.

చదవడం అయ్యాక ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. నొజూకో మాత్రం అందరి వైపూ చూసింది, ఒక్కొక్కరి దగ్గరా ఆగి.

వుయెల్వా ముందుగా కదిలింది. "నన్నలా చూడకు. చర్చి ఆడవాళ్ళ ఫోన్ గ్రూపులో పెట్టాను, ఒప్పుకుంటాను. మా మరదలికి ఒంట్లో బాగోలేదు, ప్రార్థన చెయ్యండి అని. అంతకు మించి ఒక్క ముక్క లేదు. కావాలంటే చూడు, చివర్లో గుండె బొమ్మ కూడా పెట్టాను."

"మిమ్మల్ని అనట్లేదు వదినా. ప్రార్థన చేసేవాళ్ళకి మూడు నెలలని తెలియదు. మూడు నెలల మాట నేనే ఇందాకే విన్నాను, ఈ గదిలో. నాకంటే ముందు రేడియోకి తెలిసింది."

ఆమె టెర్‌బ్లాంచ్ వైపు తిరిగింది. తర్వాత, ఇంకా మెల్లగా, మొగుడి వైపు.

"శనివారం ఫోన్లో ఈ లెక్క మీ ఇద్దరే వేసుకున్నారు కదూ?"

"వేసుకున్నాం," అన్నాడు ల్వాండిసో. "నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మ మీద ఒట్టు."

"నేను ఒక్కరికే చెప్పాను," అన్నాడు టెర్‌బ్లాంచ్. ఆయన మొహం పాలిపోయి ఉంది. "చెప్పక తప్పదు. నిన్న సాయంత్రం జడ్జి సిజానీ ఇంటికెళ్ళి చెప్పాను."

"సిజానీ అలా చెయ్యడు," అన్నాడు ల్వాండిసో. తర్వాత చిన్న గొంతుతో, "మనవాడే కదా," అన్నాడు.

నొజూకో నవ్వింది. ఆ పొద్దుటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు విని చూమా వచ్చి తల్లి పక్కన నిలబడింది.

*

పది కాకముందే ఆమె ఫోన్ మోగింది. సిజానీ. ఆమె అందరికీ వినపడేలా పెట్టి బల్ల మీద ఉంచింది.

"చెల్లెమ్మా, మాంటోలో. మనసు కలుక్కుమంది తెలిసి. ఎలా ఉన్నావు?"

"రేడియోకి ఎవరు చెప్పారన్నా?"

"ఇప్పుడది అవసరమా? ముందు నీ ఒళ్ళు చూసుకో."

"తప్పుకుంటానని నేను అనలేదు."

"అనాల్సిన పని పెట్టుకోకు. మధ్యాహ్నంలోగా రెండు వాక్యాలు రాసి పంపు. వ్యక్తిగత కారణాలని రాయి, చాలు. మిగిలింది నేను చూసుకుంటాను."

"నాకు జబ్బు చేసింది, డాక్టరుకి చూపించుకుని, ఆవిడ సరేనంటే తిరిగొచ్చి ఈ కేసు నేనే ముగిస్తాను. అలా రాస్తే?"

సిజానీ గొంతు తగ్గించాడు.

"నా తర్వాత నా కుర్చీకి మనవాళ్ళ పేర్లు నేను పంపాలి, నొజూకో. ముగ్గురున్నారు. ముగ్గురూ ఆడపిల్లలే. బెంచి మీద మతి తప్పిందని నువ్వే రాసిచ్చాక వాళ్ళని ఏ మొహంతో పంపను? మనలో ఒక్కరి జబ్బుని ఆ ఒక్కరిదిగా ఉండనివ్వరు. నీకు తెలియనిదా?"

తెలియనిది కాదు. పన్నెండేళ్ళుగా ఆమె తనకి తను చెప్పుకుంటున్న మాట అదే. ఇంకొకరి నోట వింటే మాత్రం అది ఎవరి మేలు కోసం అంటున్నారో తేల్చుకోలేకపోయింది. ఆడపిల్లల కోసమా, ఆయన కోసమా, స్టెయిన్ కోసమా? గొంతులో బాధ నిజమైనదే. బాధ నిజమైనంత మాత్రాన మాట నిజమవాలని లేదు.

"నోవెలి పిల్లలు వచ్చారా కోర్టుకి?" అని అడిగింది.

"వచ్చారు. బయట గట్టు మీద కూర్చున్నారు. చెప్పి పంపించేస్తాను."

"ఏమని చెబుతారు?"

జవాబు వచ్చేలోగా టెర్‌బ్లాంచ్ లేచి చెయ్యి చాపాడు.

"ఫోన్ ఇలా ఇవ్వండి. నేను మాట్లాడతాను."

నొజూకో ఆ చేతిని చూసింది. వయసు మచ్చలు పడ్డ తెల్లటి చెయ్యి. ఈ చెయ్యే నిన్న సిజానీ తలుపు తట్టింది. ఇప్పుడు ఏం చెప్పడానికి చాపాడు? ఆ ఏడు తను ఎక్కడున్నాడో బయటపెట్టడానికా? లేక ఈవిడ మొండికేస్తోంది, ఇంకో దారి చూద్దాం అనడానికా?

ల్వాండిసో తల ఊపాడు, ఇవ్వమన్నట్టు. అతను ఊపకపోయుంటే ఆమె ఇంకా తొందరగా ఇచ్చేదేమో.

ఇచ్చింది.

టెర్‌బ్లాంచ్ స్పీకరు ఆపి, ఫోన్ చెవికి పెట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. వెళ్తూ అద్దం తలుపు వెనక్కి జరిపి మూసేశాడు.

లోపల నలుగురూ అద్దంలోంచి చూస్తూ ఉండిపోయారు. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఒక చేత్తో నుదురు రుద్దుకున్నాడు. ఆగి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు, గట్టిగానే. మళ్ళీ విన్నాడు. ఈసారి నిలువుగా ఊపాడు.

తర్వాత నవ్వాడు. పాత స్నేహితుడు పాత మాటేదో గుర్తుచేస్తే నవ్వినట్టు, పొట్టిగా. నవ్వి, వీళ్ళు చూస్తున్నారని గుర్తొచ్చిందేమో, వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు.

"ఎందుకు నవ్వాడు?" అంది చూమా.

నొజూకో లేచింది. కుర్చీ వీపు పట్టుకుని అద్దం వైపే చూసింది.

"కూర్చో మాంటోలో," అన్నాడు ల్వాండిసో. "ఆయన చూసుకుంటాడు."

ఆమె మొగుడి వైపు చూసింది. కోపం లేదు. ఇతనెవరో తనకి బాగా తెలుసునన్న సంగతి మాత్రం ఉంది ఆ చూపులో, దాంతోపాటే ఇంకేదో అతను చదవలేనిది. కుర్చీ వదిలి నడిచింది. అద్దం తలుపు జరిపింది. చల్లగాలి లోపలికి కొట్టింది.

టెర్‌బ్లాంచ్ మాట మధ్యలో ఆగిపోయాడు.

"ఎందుకు ఆపారు?" అంది నొజూకో. "నా గురించేగా. కానివ్వండి. ఇక్కడే నిలబడి వింటాను."